గీత ఒకరిది, రంగు మరొకరిది: శుభాకాంక్షల కార్డు వెనుక చేతిపని చరిత్ర

రబ్బరు అచ్చుతో మందపాటి కాగితం మీద ఒక పూలకొమ్మనో పక్షినో నల్లని గీతల్లో ఒత్తి, సిరా ఆరిన తరువాత ఆ గీతల మధ్య కుంచెతో నీటిరంగులు నింపి, లోపల నాలుగు మాటలు చేతివ్రాతతో రాసి పంపే శుభాకాంక్షల కార్డు ఇవాళ తీరిక వేళల కళగా అనేక దేశాల్లో స్థిరపడింది. పాశ్చాత్య దేశాల్లో దీనికోసమే ప్రత్యేకమైన దుకాణాలు, పత్రికలు, శిక్షణ తరగతులు ఉన్నాయి. తెలుగు బడుల్లో డ్రాయింగు తరగతిలో బెండకాయను అడ్డంగా కోసి రంగులో అద్ది అచ్చులు వేయించే అలవాటు కూడా ఈ కోవలోదే. యంత్రాలతో విసిగిన మనిషి పూర్వకాలపు చేతిపనికి తిరిగి వచ్చాడని, ఒకప్పుడు కార్డులన్నీ ఇలాగే ప్రేమగా తయారయ్యేవని ఈ కళను గురించి తరచు చెప్పే మాటలో సగమే నిజం. అచ్చువేసిన గీత, చేత్తో నింపిన రంగు అనే జంట యూరపులో 500 ఏళ్లకు పైగా ఉన్నది నిజమే గాని, ఆ కాలంలో అధికభాగం రంగు నింపినవారు తమ ఆత్మీయుల కోసం నింపలేదు, కూలి కోసం నింపారు. చేతిపని ప్రేమకు గుర్తు కావడం యంత్రం వచ్చిన తరువాతి పరిణామం.

ఈ జంట వృత్తిగా కుదురుకున్న చోట్లలో దక్షిణ జర్మనీ ముఖ్యమైనది. నూరెంబర్గ్‌లో ఉల్మాన్ స్ట్రోమర్ అనే వర్తకుడు 1390లో కాగితపు మిల్లు నెలకొల్పాడు. తరువాతి దశాబ్దాల్లో కాగితం సామాన్యులకు అందుబాటులోకి వచ్చిన కొద్దీ నూరెంబర్గ్, ఆగ్స్‌బర్గ్, ఊల్మ్ పట్టణాల్లో చెక్క దిమ్మె మీద బొమ్మ గీసి, గీతలు ఉబ్బెత్తుగా నిలిచేలా మిగిలిన చెక్కను తవ్వేసి, ఆ గీతలకు సిరా పట్టించి కాగితం మీద ఒత్తే పని విస్తరించింది. పునీతుల బొమ్మలు, పేకముక్కలతో పాటు 15వ శతాబ్దిలో కొత్త సంవత్సరానికి మేలు కోరే చిన్న బొమ్మలు కూడా ఈ పద్ధతిలోనే వెలువడ్డాయి. వాటిలో సాధారణంగా బాల ఏసు రూపం, దాని పక్కన మెలికలు తిరిగిన పట్టీ మీద ఒక మంగళవాక్యం కనిపిస్తాయి. టపాలో పంపడానికి కాక చేతికి ఇవ్వడానికి, గోడకు అతికించుకోవడానికి చేసినవే అయినా, శుభాకాంక్షల కార్డుకు వీటిని పూర్వరూపాలుగా ఎంచడంలో తప్పు లేదు.

ఆనాటి ఆ పనిలో గీసేవాడు, చెక్కేవాడు, రంగు వేసేవాడు వేరువేరు వృత్తులవారు. రంగు వేసేవారిని జర్మన్‌లో బ్రీఫ్‌మాలర్ అనేవారు. పత్రాలకు, ఒంటిరేకు బొమ్మలకు రంగులద్దే పనివారు వీరు. యోస్ట్ అమ్మన్ గీసిన బొమ్మలకు హాన్స్ సాక్స్ పద్యాలు కూర్చగా 1568లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో వెలువడిన వృత్తుల పుస్తకంలో దిమ్మె చెక్కేవాడికి ఒక పుట, ఈ రంగులవాడికి వేరొక పుట కేటాయించి ఉండడం వల్ల ఈ విభజన ఎంత స్పష్టమైనదో తెలుస్తుంది. ఆ బొమ్మలో పనివాడు వెడల్పాటి కుంచెతో స్టెన్సిల్ మీదుగా, అంటే రంగు పడవలసిన చోట మాత్రమే కత్తిరించిన రేకు మీదుగా, ఒకదాని తరువాత ఒకటిగా కాగితాలకు రంగు పూస్తుంటాడు. రంగు గీత దాటి పక్కకు జారిన ఆనాటి ప్రతులు మ్యూజియంలలో ఇప్పటికీ కనిపిస్తాయి. ఆ జారుడులో కళాకారుడి స్వేచ్ఛను చూడాలనిపించినా, నిజానికి అది తొందరలో పని ముగించవలసి వచ్చిన చేతి గుర్తు.

తరువాతి మూడు శతాబ్దాల్లో చెక్క దిమ్మె స్థానంలో రాగి రేకు, ఆపైన శిలాముద్రణ వచ్చాయి. శిలాముద్రణ అంటే నునుపు చేసిన సున్నపురాయి మీద జిడ్డు సిరాతో గీసి, రాతిని తడిపి, జిడ్డు ఉన్న చోట మాత్రమే సిరా అంటుకునే గుణాన్ని ఆసరా చేసుకుని అచ్చువేసే పద్ధతి. లితోగ్రఫీ అన్న పేరుతో ఇది తెలుగువారికీ పరిచితమే. గీత అచ్చువేసే సాధనాలు ఇలా మారినా రంగు మాత్రం చేతి మీదనే ఆధారపడి ఉంది. 19వ శతాబ్ది తొలినాళ్ల లండన్‌లో పిల్లలు ఆడుకునే కాగితపు నాటకశాలల బొమ్మలు రంగు లేకుండా ఒక పెన్నీకి, రంగుతో రెండు పెన్నీలకు అమ్మేవారు. చిత్రకారుడి గీతకు, రాగి రేకుకు, కాగితానికి, ముద్రణకు అన్నిటికీ కలిపి ఒక పెన్నీ అయితే, కుంచె పట్టిన చేతికి మరొక పెన్నీ అన్నమాట. అందులో ఆ చేతికి నిజంగా దక్కింది స్వల్పమే. పిల్లల పుస్తకాల బొమ్మలకైతే బల్ల చుట్టూ పిల్లలనే కూర్చోబెట్టి, ఒక్కొక్కరికి ఒక్కొక్క రంగు అప్పగించి, పుట చేతులు మారేలా పని చేయించిన సందర్భాలు ఉన్నాయి.

ఆ పనివారి చేతిలోని రంగు చరిత్ర విడిగా చెప్పుకోదగినది. నీటిరంగు అంటే మెత్తగా నూరిన వర్ణద్రవ్యాన్ని నీటిలో కరిగే బంకతో కలిపి చేసినది. ఆఫ్రికాలోని సూడాన్ ప్రాంతంలో పెరిగే తుమ్మజాతి చెట్ల బంక ఇందుకు శ్రేష్ఠం. నీరు ఆరిపోయాక రంగు రేణువులను కాగితానికి పట్టి ఉంచేది ఆ బంకే. 18వ శతాబ్ది చివరి వరకు చిత్రకారులు రంగులను తామే నూరుకోవడమో శిష్యులతో నూరించుకోవడమో జరిగేది. లండన్‌కు చెందిన విలియం రీవ్స్, థామస్ రీవ్స్ సోదరులు రంగును చిన్న బిళ్లలుగా అచ్చుపోసి, తడి కుంచెతో రుద్దగానే వాడుకునేలా చేసినందుకు 1781లో అక్కడి కళల ప్రోత్సాహక సంఘం, అంటే సొసైటీ ఆఫ్ ఆర్ట్స్, వారికి వెండి పాలెట్ బహూకరించింది. 1832లో విలియం విన్సర్, హెన్రీ న్యూటన్ కలిసి మొదలుపెట్టిన కంపెనీ మూడేళ్లలోనే రంగులో గ్లిసరిన్ కలిపి బిళ్ల గట్టిపడకుండా మెత్తగా ఉండేలా చేయగలిగింది. కాగితం విషయంలో జేమ్స్ వాట్‌మన్ మిల్లు 1750ల్లో తయారుచేసిన గీతలు పడని నునుపైన కాగితం, దాని మీద పట్టించే సరేసు పూత నీటిరంగుకు ప్రాణాధారమయ్యాయి. జంతుచర్మాలను ఉడికించి తీసే ఈ జిగురు కాగితపు పీచులోకి నీరు వెంటనే ఇంకిపోకుండా ఆపుతుంది; అందువల్లనే రంగు కాసేపు పైన నిలిచి, కుంచె కదలికకు లొంగి, పలుచని పొరగా ఆరుతుంది. ఈనాటి కార్డు తయారీలో నీటిరంగు కాగితం వాడమని పట్టుబట్టడానికి కారణం కూడా ఇదే.

ఆ రంగుల పెట్టెలో భారతదేశం వాటా చిన్నది కాదు. ఇండియన్ యెల్లో అన్న పేరుతో లండన్ దుకాణాల్లో అమ్మిన మెరిసే పసుపు రంగు బీహారులోని ముంగేరు దగ్గర మీర్జాపూర్ అనే గ్రామంలో తయారైనట్లు టి. ఎన్. ముఖర్జీ 1883లో రాసిన నివేదిక వివరిస్తుంది. మామిడాకులు మేపిన ఆవుల మూత్రాన్ని కాచి, వడగట్టి, ఉండలు చేసి ఆరబెట్టేవారని, ఆ మేత వల్ల పశువులు బక్కచిక్కిపోయేవని అందులో ఉంది. చాలాకాలం సందేహాస్పదంగా ఉండిన ఈ కథనానికి 2019లో రసాయన పరీక్షలు బలం చేకూర్చాయి. నీడలకు, ఆకాశపు ఛాయలకు వాడే నీలిమందు మరొకటి. బెంగాల్ నీలితో పాటు కడప ప్రాంతపు నీలి కూడా లండన్ వేలాలకు చేరేది, అక్కడి దళారుల భాషలో దాని పేరు కుర్పా. అది ప్రధానంగా బట్టల అద్దకానికి పోయే సరుకు. అందులో ఎంత భాగం చిత్రకారుల బిళ్లల్లోకి వెళ్లిందో తేల్చే అవకాశం లేకపోయినా, నీలి వర్తకానికి రాయలసీమ రైతు చెమటతో ఉన్న సంబంధాన్ని విస్మరించి ఆ రంగుల చరిత్ర రాయడం అన్యాయమవుతుంది.

రంగు, కాగితం, అచ్చు సిద్ధంగా ఉన్నా, పంపే దారి లేనిదే కార్డు పుట్టదు. 1840కి ముందు బ్రిటన్‌లో ఉత్తరం ఖర్చు దూరాన్ని బట్టి, కాగితాల సంఖ్యను బట్టి మారేది. చాలా సందర్భాల్లో ఆ సొమ్ము ఉత్తరం అందుకున్నవారే చెల్లించవలసి వచ్చేది. శుభాకాంక్షలు పంపి ఎదుటివారి చేత డబ్బు కట్టించడం మర్యాద అనిపించుకోదు. రోలండ్ హిల్ 1837లో ప్రచురించిన కరపత్రంలో దూరంతో నిమిత్తం లేకుండా, పంపేవారే ముందుగా చెల్లించే ఒకే చవక ధర ఉండాలని వాదించాడు. 1840 జనవరి 10న అర ఔన్సు ఉత్తరానికి ఒక పెన్నీ అన్న రేటు అమలులోకి వచ్చింది, మే నెలలో అతికించే తపాలా బిళ్ల వచ్చింది. 1839లో సుమారు 7.6 కోట్లుగా ఉన్న ఉత్తరాల సంఖ్య మరుసటి ఏడాది సుమారు 16.9 కోట్లకు పెరిగింది. భారతదేశంలో ఈ విధమైన ఏకరీతి రేటు 1854లో అర్ధణాగా, పావు అణా పోస్టుకార్డు 1879లో వచ్చాయి.

హిల్ పక్షాన ప్రచారం నడిపినవారిలో హెన్రీ కోల్ ఒకడు. ప్రభుత్వ దస్తావేజుల కార్యాలయంలో ఉద్యోగిగా ఉంటూ, ఫీలిక్స్ సమ్మర్లీ అన్న కలంపేరుతో పిల్లల పుస్తకాలు వెలువరిస్తూ, తరువాతి కాలంలో లండన్‌లోని సౌత్ కెన్సింగ్‌టన్ మ్యూజియానికి తొలి అధిపతి అయిన ఈయన, 1843లో తన పరిచయస్తులందరికీ క్రిస్మస్ ఉత్తరాలు రాసే వ్యవధి లేక జాన్ కాల్‌కాట్ హార్స్‌లీ అనే చిత్రకారుడి చేత ఒక కార్డు గీయించాడు. మధ్యలో మూడు తరాల కుటుంబం మద్యపాత్రలు ఎత్తి చూసేవారికి శుభం కోరుతుండగా, ఇరువైపులా బీదలకు అన్నం పెట్టడం, బట్ట ఇవ్వడం అనే రెండు దృశ్యాలు ఉన్నాయి. చిన్నపిల్ల నోటికి కూడా మద్యపాత్ర అందిస్తున్నట్లు గీయడం మద్యనిషేధవాదులకు కోపం తెప్పించింది. కార్డు గురించిన చర్చ అంతా సాధారణంగా ఈ వివాదం దగ్గరే ఆగిపోతుంది గాని, దాని తయారీలో అంతకన్నా విలువైన సమాచారం ఉంది. లండన్ హోబర్న్ ప్రాంతంలోని జాబిన్స్ శిలాముద్రణాలయం గీతలను అచ్చువేసింది. మేసన్ అనే వృత్తి రంగులపనివాడు వాటికి చేత్తో రంగులద్దాడు. జోసెఫ్ కండల్ ప్రచురించి ఒక్కొక్కటి ఒక షిల్లింగుకు అమ్మకానికి పెట్టాడు. అచ్చయినవి సుమారు 1000. షిల్లింగు అంటే 12 పెన్నీలు కనుక, పంపే ఖర్చుకు కార్డు ధర పన్నెండు రెట్లు. సామాన్యుడికి అది అందలేదు, మరికొన్నేళ్లపాటు ఆ ప్రయోగాన్ని అనుసరించినవారు కూడా తక్కువే. హార్స్‌లీ రాయల్ అకాడమీ సభ్యుడిగా చరిత్రకెక్కాడు. మేసన్ గురించి ఆ ఇంటిపేరుకు మించి ప్రచారంలో ఉన్న సమాచారం దాదాపు ఏమీ లేదు. అయినా నేడు బల్ల ముందు కూర్చుని అచ్చుబొమ్మలో రంగు నింపే మనిషి చేస్తున్నది హార్స్‌లీ పనిని కాదు, మేసన్ పనిని.

అమెరికాలో ఈ పని స్త్రీల చేతుల్లో పెద్ద వ్యాపారమైంది. మసాచుసెట్స్‌లోని వూస్టర్ పట్టణంలో కాగితపు సరుకుల వర్తకుడి కూతురు ఎస్తర్ హౌలాండ్ 1847లో మౌంట్ హోల్యోక్ విద్యాసంస్థలో చదువు ముగించుకున్న కొద్దికాలానికి, ఇంగ్లండు నుంచి వచ్చిన ఒక వాలెంటైన్ కార్డు చూసి, అటువంటివి తానే చేయగలనని నమ్మి, అల్లికగుడ్డ మాదిరిగా సన్నని రంధ్రాలు పొడిచిన కాగితం, రంగు కాగితాలు, చిన్న పూల బొమ్మలు తెప్పించి నమూనాలు సిద్ధం చేసింది. వ్యాపార పర్యటనకు వెళుతున్న సోదరుడు ఆ నమూనాలను వెంట తీసుకువెళ్లి, ఆమె ఆశించిన 200 డాలర్లకు బదులు 5000 డాలర్ల ఆర్డర్లతో తిరిగి వచ్చాడని చెబుతారు. ఇంటి మూడో అంతస్తులో బల్లలు వేసి, స్థానిక యువతులను నియమించి, ఒకరు కత్తిరించడం, ఒకరు అమర్చడం, ఒకరు అతికించడం అన్న క్రమంలో ఆమె పని నడిపించింది. కార్డుల వెనుక ఎర్రని హెచ్ అక్షరపు ముద్ర వేయించేది. ఎవరి మనసులోని మాటో చెప్పే కార్డు మీద దాన్ని అతికించిన యువతుల గుర్తు ఏదీ లేదు, యజమాని ముద్ర ఒక్కటే ఉంది. హౌలాండ్ తనవద్ద పనిచేసినవారిని బాగా చూసుకున్నదని పేరు. ఆ పేరును కాదనవలసిన అవసరం లేకుండానే ఈ విషయాన్ని గుర్తించవచ్చు. న్యూయార్క్‌లో కరియర్ అండ్ ఐవ్స్ అనే బొమ్మల కంపెనీలో ఈ విభజన ఇంకా కచ్చితమైనది: రంగులు వేసిన నమూనా ప్రతి ఒకటి మధ్యలో నిలబెట్టి, పొడవాటి బల్ల చుట్టూ కూర్చున్న స్త్రీలు తలా ఒక రంగు వేసి ప్రతిని పక్కవారికి అందించేవారు.

ఈ చేతులను తొలగించినది క్రోమోలితోగ్రఫీ. ఒక్కొక్క రంగుకు ఒక్కొక్క రాయి సిద్ధం చేసి, అదే కాగితాన్ని ఆ రాళ్లన్నిటి మీదా గీత తప్పకుండా వరుసగా అచ్చువేసే ఈ విధానానికి ఫ్రాన్సులో గోడ్‌ఫ్రాయ్ ఎంగెల్‌మన్ 1837లో పేటెంట్ పొందాడు. బ్రెస్లావ్‌లో పుట్టి బోస్టన్‌లో స్థిరపడిన లూయిస్ ప్రాంగ్ ఈ పద్ధతిని పరాకాష్ఠకు తీసుకువెళ్లి, కొన్ని చిత్రాలకు 20కి పైగా రాళ్లు వాడి, 1874లో ఇంగ్లండులో, మరుసటి ఏడాది అమెరికాలో క్రిస్మస్ కార్డులు అమ్మడం ప్రారంభించాడు. 1880లో ఆయన నిర్వహించిన చిత్రాల పోటీలో మొదటి బహుమతి 1000 డాలర్లు. 1880ల తొలినాళ్లలో ఆయన ముద్రణాలయం ఏటా సుమారు 50 లక్షల కార్డులు అచ్చువేసేదని ప్రసిద్ధి. చేతిరంగు కూలీల వృత్తి దీనితో ఒక్కరోజులో అంతరించలేదు గాని, దాని వెన్ను విరిగింది.

ప్రాంగ్ జీవితంలోని రెండో భాగం ఈ చరిత్రకు కీలకం. చేతి రంగును కార్డుల పరిశ్రమ నుంచి తరిమిన ఆయనే, బడుల్లో చిత్రలేఖనం బోధించాలన్న ఉద్యమానికి అండగా నిలిచి, పాఠ్యపుస్తకాలు వేసి, పిల్లల కోసం హానికరం కాని నీటిరంగుల పెట్టెలు తయారుచేయించాడు. ప్రాంగ్ పేరుతో రంగుల పెట్టెలు అమెరికాలో ఇప్పటికీ అమ్ముడవుతున్నాయి. ఇంగ్లండులోనూ అదే జరిగింది. హెన్రీ కోల్ క్రియాశీల సభ్యుడిగా ఉన్న సొసైటీ ఆఫ్ ఆర్ట్స్ 1850ల తొలినాళ్లలో ఒక షిల్లింగుకే అందే రంగుల పెట్టె కోసం బహుమతి ప్రకటించింది. 1843లో ఒక్క రంగు కార్డు కొనడానికి పట్టిన సొమ్ముతో పదేళ్ల తరువాత ఎన్నో కార్డులకు సరిపడే రంగులే కొనుక్కోగలిగే స్థితి ఏర్పడింది. 1879లో కాసెల్ ప్రచురణ సంస్థ కేట్ గ్రీనవే గీతలతో వెలువరించిన రంగులు నింపే పుస్తకం ఈ మార్పుకు చక్కని నిదర్శనం: కార్డులకు బొమ్మలు గీసి పేరు తెచ్చుకున్న చిత్రకారిణి గీతలను ఉత్త గీతలుగానే అచ్చువేసి, రంగు పనిని కొన్నవారికే వదిలారు. అర్ధశతాబ్దం కిందట బీదపిల్లలకు కూలి ఇచ్చి చేయించిన పనిని ఇప్పుడు ఉన్నవారి పిల్లలు డబ్బిచ్చి కొనుక్కుని చేశారు. కార్డు చరిత్రలో ఇంతకన్నా పెద్ద మలుపు మరొకటి లేదు.

గీత కూడా కొనుగోలుదారుడి చేతికి రావడానికి రబ్బరు కారణమైంది. రబ్బరును గంధకంతో కలిపి వేడిచేస్తే ఎండకు కరగకుండా, చలికి పెళుసుబారకుండా నిలుస్తుందని చార్లెస్ గుడ్‌ఇయర్ కనుగొని 1844లో అమెరికా పేటెంట్ పొందాడు. దంతవైద్యులు కట్టుడుపళ్ల చిగుళ్ల కోసం వాడిన చిన్న వేడి పాత్రల్లోనే తొలి రబ్బరు స్టాంపులను కూడా పోతపోశారన్నది ఆ వృత్తిలో వినవచ్చే కథనం. మొదట చేసినదెవరన్న వివాదం ఇంకా తేలలేదు. చెక్క దిమ్మె గరుకు కాగితం మీద సరిగా ఒత్తాలంటే బలం, నేర్పు కావాలి. రబ్బరు మెత్తదనం వల్ల చేతి ఒత్తిడి చాలు. అయినా చాలాకాలం అది కచేరీ సాధనంగానే, తేదీలకు, చిరునామాలకు, రద్దు గుర్తులకు ఉపయోగపడింది. 1919లో జర్మన్ చిత్రకారుడు కుర్ట్ ష్విటర్స్ ఆఫీసు ముద్రలతోనే చిత్రాలు కూర్చాడు. 1960ల్లో న్యూయార్క్‌లో రే జాన్సన్ చుట్టూ పెరిగిన టపా కళ, అంటే చిత్రాలను ప్రదర్శనశాలకు కాక పోస్టు ద్వారా మిత్రులకు పంపే సంప్రదాయం, రబ్బరు ముద్రలను విరివిగా వాడుకుంది. ఆ ఉత్సాహం నుంచే 1980 ప్రాంతంలో అమెరికాలో బొమ్మల స్టాంపుల వ్యాపారం, దానికి ప్రత్యేకమైన పత్రికలు పుట్టాయి. ఇంటి బల్ల మీద శుభాకాంక్షల కార్డు చేసుకోవడం ఒక ఉద్యమంగా మారినది అప్పుడే.

ఈ కార్డులో అసలు నేర్పు సిరాకు, నీటికి మధ్య ఉన్న వైరాన్ని అర్థం చేసుకోవడంలో ఉంది. నీటిలో కరిగే సిరాతో ఒత్తి తడి కుంచె తగిలిస్తే గీత కరిగి రంగును మురికి చేస్తుంది. జలనిరోధకమైన సిరాతో ఒత్తి పూర్తిగా ఆరనిస్తే గీత చెక్కుచెదరదు. మొదటిదాన్ని దోషంగా భావించకుండా, కరిగే సిరానే కావాలని వాడి, తడి కుంచెతో గీత నుంచే రంగు లాగి నీడలు తేల్చే పద్ధతి కూడా ఉంది. జిగట సిరాతో ఒత్తిన బొమ్మ మీద సన్నని రెసిన్ పొడి చల్లి, వేడిగాలితో కరిగిస్తే గీత ఉబ్బెత్తుగా మెరుస్తుంది. ఆ గట్టు రంగునీటిని అవతలికి పోనివ్వదు కనుక అలవాటు లేని చేయి వేసిన రంగు కూడా హద్దులో నిలుస్తుంది. తడి కాగితం మీద తడి రంగు వదిలితే అంచులు కలిసిపోయి మంచు కమ్మినట్లు కనిపించే పూత, ఆరకముందే ఉప్పు కణికలు చల్లితే అవి చుట్టూ ఉన్న రంగునీటిని పీల్చుకోగా మిగిలే నక్షత్రపు మచ్చలు, ఇవి నేపథ్యానికి పనికివస్తాయి. వీటిలో ఏ ఒక్కటీ రెండు ప్రతుల్లో ఒకేలా రాదు. నమూనా ప్రతిని చూసి సరిగ్గా దానిలాగే చేయవలసిన కరియర్ కంపెనీ పనివారికి ఈ తేడా దోషం, బహుశా కూలి కోతకు కారణం; నేటి కార్డుకు విలువ తెచ్చేది ఆ తేడాయే.

ఇప్పుడు స్టాంపులు రబ్బరుతోనే కాక కాంతి తగిలితే గట్టిపడే పారదర్శకమైన ప్లాస్టిక్‌తో కూడా వస్తున్నాయి. అచ్చు గుండా కాగితం కనిపిస్తుంది కనుక బొమ్మను కావలసిన చోటనే పెట్టడం సులువు. అయితే ఆ బొమ్మ గీత దాన్ని గీసిన చిత్రకారుడిదో కంపెనీదో అయిన మేధోసంపద. దానితో చేసిన కార్డును అమ్ముకోవచ్చా అన్న ప్రశ్నకు అమెరికా కంపెనీలు ఏంజెల్ పాలసీ అని పిలిచే అనుమతి నిబంధనల ద్వారా జవాబు చెబుతాయి. ప్రతి బొమ్మనూ విడివిడిగా చేత్తోనే ఒత్తాలని, ఫొటోకాపీ గాని యంత్రముద్రణ గాని చేయరాదని ఆ నిబంధనలు సాధారణంగా కోరుతాయి. కొన్ని కంపెనీలు కూలికి మనుషులను పెట్టి బారులుగా కార్డులు తయారుచేయించడాన్ని కూడా నిషేధిస్తాయి. వూస్టర్‌లో హౌలాండ్ ఇంటి మూడో అంతస్తు గాని, న్యూయార్క్‌లోని కరియర్ రంగుల బల్ల గాని ఈ నిబంధన ముందు చేతిపనిగా నిలిచేవి కావు.